రాగి పరమాణువు ఎర్రగా ఉంటుందా? తొమ్మిదో తరగతిలో ఒక కేస్ స్టడీ

తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్ష జవాబు పత్రం ఒకటి చాలా రోజులు నా బల్ల మీదే ఉండిపోయింది. అందులో సోడియం పరమాణువు పటం వంక పెట్టడానికి వీల్లేనంత చక్కగా ఉంది. మధ్యలో కేంద్రకం, 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు, చుట్టూ మూడు వలయాల మీద 2, 8, 1 ఎలక్ట్రాన్లు. పూర్తి మార్కులు వేశాను. చివరిలో పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి కావాలనే ఇచ్చాను: “ఒకే ఒక్క రాగి పరమాణువు ఎలా ఉంటుంది? బొమ్మ గీసి నాలుగు మాటలు రాయండి.” ఆ అబ్బాయి ఎర్ర పెన్సిల్‌తో చిన్న బంతి గీశాడు. పక్కన ఇలా రాశాడు: “చాలా చిన్నది. ఎర్రగా మెరుస్తుంది. గట్టిగా ఉంటుంది. దానిలో కరెంటు పారుతుంది. బాగా వేడి చేస్తే కరుగుతుంది.”

వాడు చదువులో వెనుకబడిన పిల్లవాడు కాదు. వాళ్ల నాన్న మోటార్లకు వైండింగ్ కట్టే షాపు నడుపుతారు. సెలవు రోజుల్లో వీడూ అక్కడే ఉంటాడు. రాగి తీగను చేత్తో పట్టుకుని గేజి (తీగ మందం కొలత) చెప్పగలడు. రాగి గురించి వాడికి తెలిసినంత ఆ తరగతిలో ఇంకెవరికీ తెలియదు. అలాంటివాడి పత్రంలోనే సోడియం పటమూ ఎర్ర బంతీ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానితో ఒకటికి సంబంధమే లేనట్టుగా. మిగతా పత్రాలు తిరగేస్తే దాదాపు అన్నింటిలోనూ అదే బంతి. కొందరు దానికి మెరుపు గీతలు కూడా పెట్టారు.

పదిహేనేళ్లుగా భౌతిక రసాయన శాస్త్రం చెబుతున్నాను. పరమాణు నిర్మాణం పాఠం సులువైనదనీ, పిల్లలు త్వరగా పట్టుకుంటారనీ అనుకుంటూ వచ్చాను. వాళ్లు పట్టుకున్నది పటాన్ని మాత్రమే. పరమాణువు అంటే వాళ్ల మనసులో ఉన్నది పదార్థపు అతి చిన్న ముక్క. బెల్లం ముక్కను ఎంత చిన్నగా కొట్టినా తియ్యగానే ఉంటుంది కాబట్టి, రాగిని ఎంత చిన్నగా చేసినా ఎర్రగానే ఉంటుందని వాళ్ల లెక్క. ఈ నమ్మకాన్ని కదిలించకుండా పైన ఎన్ని వలయాలు గీయించినా ప్రయోజనం లేదు. ఆ ఏడాది ఈ పాఠాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి నడిపించాను. ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి మాట్లాడించాను. తప్పు దిద్దలేదు, విన్నాను. వేడిచేస్తే లోహం ఎందుకు పెరుగుతుందని అడిగితే, లోపలి కణాలు ఉబ్బుతాయన్నారు. చక్కెర నీళ్లలో వేస్తే ఏమవుతుందంటే, కరిగి మాయమవుతుంది, రుచి మాత్రం మిగులుతుందన్నారు. కణాల మధ్య ఏముంటుందని అడిగితే ఇంచుమించు అందరూ ఒకే మాట: “గాలి ఉంటుంది సార్.” అప్పుడు ఒక అమ్మాయిని, “మరి గాలి కూడా కణాలే కదమ్మా, ఆ కణాల మధ్య ఏముంటుంది?” అని అడిగాను. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, “ఇంకా చిన్న గాలి” అంది. పక్కనున్న అమ్మాయి వెంటనే, “అయితే దాని మధ్య?” అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖాళీ అనే మాట వాళ్ల నోటి నుంచి అలా వచ్చింది. నేను చెప్పి ఉంటే వాళ్లు రాసుకునేవాళ్లు తప్ప నమ్మేవాళ్లు కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పిల్లల ఈ ఆలోచన తెలివితక్కువది కాదు. పరమాణువు అనే మాట మనకు ప్రాచీన భారతీయ తత్వ సంప్రదాయాల్లో ఒకటైన వైశేషిక దర్శనం నుంచి వచ్చింది. ఆ దర్శనంలో పృథివీ పరమాణువుకు రంగు, రుచి, వాసన, స్పర్శ ఉంటాయి. పచ్చి కుండ ఆవంలో కాలి ఎర్రబడినప్పుడు రంగు మారేది ఒక్కొక్క పరమాణువులోనా, మొత్తం కుండలోనా అని వైశేషికులూ, న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులూ వాదించుకున్నారు. పరమాణువే మారుతుందన్న వాదాన్ని పీలుపాకం అంటారు, కుండ మొత్తంగా మారుతుందన్న వాదాన్ని పిఠరపాకం అంటారు. గ్రీసులో డెమోక్రిటస్ మాత్రం రంగులూ రుచులూ మన అనుభవంలోనివి, నిజంగా ఉన్నవి పరమాణువులూ శూన్యమూ మాత్రమే అన్నాడు. పెద్ద పెద్ద పండితులు తలపడిన ప్రశ్న దగ్గరే మా తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు. ఈ సంగతి వాళ్లకు చెప్పినప్పుడు తరగతిలో సిగ్గు పోయి ఉత్సాహం వచ్చింది.

మొదట నేను చేసిన రెండు ప్రయత్నాలు సరిగా సాగలేదు. బంకమట్టితో రంగురంగుల ఉండలు చేయించి అణువుల నమూనాలు కట్టించాను. రాగికి ఎర్ర ఉండ, కార్బన్‌కు నల్ల ఉండ. పిల్లలకు నచ్చింది, కానీ నేను చెరపాలనుకున్న నమ్మకం దానివల్ల ఇంకా గట్టిపడింది. రంగు వేసిన నమూనాను చేతికిచ్చి పరమాణువుకు రంగు లేదని చెప్పడం కుదరదు. ఇప్పుడు నమూనాలన్నీ ఒకే రంగు మట్టితో చేయిస్తున్నాను, పైన అంకె గీయిస్తున్నాను.

రెండోది స్పిరిట్ ప్రయోగం. 50 మి.లీ. నీరు, 50 మి.లీ. ఆల్కహాలు కలిపితే 100 రాదు, సుమారు 97 వస్తుంది. మందుల షాపు స్పిరిట్‌లో ముందే కొంత నీరు ఉంటుంది కనుక మాకు తగ్గుదల ఇంకా తక్కువగా, రెండు మి.లీ. చిల్లర కనిపించింది. కణాల మధ్య చోటుందని దీంతో తేలిపోతుందనుకున్నాను. వెనుక బెంచీ నుంచి, “స్పిరిట్ ఆవిరైపోయింది సార్, చేతికి రాసుకుంటే కూడా అలాగే పోతుంది” అని ఒకడు లేచాడు. వాడి అభ్యంతరం న్యాయమైనది. మర్నాడు రెండు ద్రవాలనూ మూతలున్న సీసాల్లో ముందుగా తూచి, కలిపి, మూత బిగించి మళ్లీ తూచాం. బరువు మారలేదు, ఘనపరిమాణం తగ్గింది. అభ్యంతరం చెప్పినవాడి చేతనే రీడింగులు చదివించాను. ఆ తర్వాత గ్లాసు శనగలు, గ్లాసు ఆవాలు కలిపి చూపించాను. తరాజు లేకుండా ఈ ప్రయోగం చేయకూడదని నాకు అప్పుడే తెలిసింది.

రాగి తీగ, కత్తెర

అసలు మలుపు వైండింగ్ షాపు తీగతో వచ్చింది. నేను అడగ్గానే ఆ అబ్బాయి 20 గేజి తీగ మీటరు ముక్క తెచ్చాడు. దాని మందం మిల్లీమీటరుకు కాస్త తక్కువ. పైన ఉన్న వార్నిష్ పూతను గరుకు కాగితంతో వాడే గీకేశాడు. “షాపులో మీరు చూసే రంగులో సగం ఈ వార్నిష్‌దే” అని తోటివాళ్లకు చెప్పాడు. సరిగ్గా 10 సెం.మీ. ముక్క కోసి తూచాం. 0.6 గ్రాములకు ఒక పిసరు తక్కువ.

ఆ ముక్కను సగానికి కోయాలి, ఆ సగాన్ని మళ్లీ సగానికి. ఎన్నిసార్లు కోస్తే ఒక్క పరమాణువు మిగులుతుందో ముందుగా చీటీ మీద రాయమన్నాను. లక్ష, కోటి, వంద కోట్లు అని రాశారు. ఇద్దరు “లెక్కలేనన్ని” అని రాశారు. కోత మొదలైంది. 5 సెం.మీ., రెండున్నర, ఒకటింబావు. ఆరో కోతకు ముక్క ఒకటిన్నర మిల్లీమీటరు. ఏడో కోతకు పొడవు మందం కంటే తక్కువైంది, ముక్క చిన్న బిళ్లలా మారింది. ఎనిమిదోసారి కత్తెర జారి అది ఎగిరి ఎక్కడో పడింది. అందరూ నేల మీద వెతికారు, దొరకలేదు.

అక్కడి నుంచి నల్లబల్ల మీద కోశాం. రాగి లోహంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం నానోమీటరులో నాలుగో వంతు కంటే పిసరంత ఎక్కువ. 10 సెం.మీ. పొడవును సగాలు చేసుకుంటూ పోతే 28వ కోతకు ఆ దూరానికి చేరువవుతాం. ఇరవై ఎనిమిదే. చీటీలు రాసినవాళ్లలో ఒక్కరూ నమ్మలేదు. తామే నోటుబుక్కుల్లో మళ్లీ సగాలు చేసి చూసుకున్నారు. అదే తీగ ముక్కలో మొత్తం పరమాణువులు ఎన్ని అని తిప్పి అడిగాను. రాగి పరమాణు ద్రవ్యరాశి 63.5, అవొగాడ్రో సంఖ్య (63.5 గ్రాముల రాగిలో ఉండే పరమాణువుల సంఖ్య), తరాజు మీద చూసిన బరువు, ఈ మూడింటితో లెక్క కట్టాం. 56 రాసి పక్కన ఇరవై సున్నాలు పెట్టాల్సి వచ్చింది. పొడవులో ఇరవై ఎనిమిది కోతలూ, మొత్తంలో ఇంత పెద్ద సంఖ్యా ఒకే ముక్కలో ఉన్నాయని చూశాక పిల్లలు పరమాణువు పరిమాణం గురించి మాట్లాడే తీరే మారిపోయింది.

అప్పుడు అడిగాను: “ఈ ఇరవై ఎనిమిది కోతల్లో ఎరుపు ఎక్కడ పోతుంది?” తరగతి నిశ్శబ్దమైంది. రంగు పోవచ్చనే ఆలోచన వాళ్లకు ఆ క్షణం దాకా రాలేదు.

ఎర్రనిది నల్లబడి, నీలమై, మళ్లీ ఎర్రబడింది

ఈ ప్రశ్నకు నోటితో జవాబు చెప్పకుండా రెండు పీరియడ్లు రాగి వెంటే తిరిగాం. తీగను పటకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద కాల్చాం. ఎర్ర తీగ నల్లబడింది. “రాగి అణువులు మాడిపోయాయి” అన్నారు. పీలుపాక వాదం మా ప్రయోగశాలలో మళ్లీ పుట్టిందన్నమాట. ఆ నల్ల పూత కాపర్ ఆక్సైడ్. దాన్ని వేడి చేసిన సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచితే పూత కరుగుతుంది కానీ, పూత మరీ పలుచన కావడంతో ద్రావణానికి వచ్చిన నీలం కంటికి సరిగా ఆనలేదు. అందుకే ప్రయోగశాలలో ఉన్న నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడిని తీసి, ఆమ్లం నేనే పోసి, కళ్లద్దాలు పెట్టించి చేయించాను. నల్లటి పొడి కరిగి చక్కటి నీలి ద్రావణం అయింది.

ఆ నీలాన్ని మా ఊరి పిల్లలు ఇట్టే గుర్తుపట్టారు. “మైలుతుత్తం సార్!” మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పండ్ల తోటలకు బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు కలిపే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. తమ ఇంట్లో డ్రమ్ములో చూసిన నీలంలో రాగి ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది. మైలుతుత్తం పలుకులను పొడి పరీక్షనాళికలో కాల్చాం. నాళిక మూతి దగ్గర నీటి చుక్కలు పట్టాయి, అడుగున పలుకులు తెల్లటి పొడి అయ్యాయి. చల్లారాక రెండు చుక్కల నీరు వేయగానే మళ్లీ నీలం. నాళిక వెచ్చబడింది కూడా, దాన్ని చేతుల మీదుగా అందరికీ పంపించాను. చివరగా నీలి ద్రావణంలో గీకి శుభ్రం చేసిన ఇనుప మేకు వేసి వదిలేశాం. పీరియడ్ ముగిసేసరికి మేకు మీద ఎర్రటి పొర పేరుకుంది.

వైండింగ్ షాపు అబ్బాయి ఆ మేకును వేళ్ల మధ్య తిప్పి, గోటితో గీకి, “ఇది రాగే” అన్నాడు. ఆ మాట వాడు చెబితేనే తరగతికి నమ్మకం.

నల్లబల్ల మీద వరుసగా రాయించాను: ఎరుపు, నలుపు, నీలం, తెలుపు, నీలం, ఎరుపు. అన్నింటిలోనూ రాగి ఉంది. రంగు పరమాణువుకే అంటుకుని ఉన్నదైతే ఇన్ని రంగులు ఎలా? పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి రంగు మారుతోందని ఒక అమ్మాయి చెప్పింది. పక్కన ఆక్సిజన్ ఉంటే ఒకటి, నీరు ఉంటే ఒకటి, తోటి రాగి పరమాణువులే ఉంటే ఇంకొకటి. “ఒక్క చెయ్యి చప్పుడు చేయదు కదా సార్” అంది. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

లోహపు ఎరుపు గురించి మాత్రం కొంచెం కలిపి చెప్పాను. రాగి పరమాణువులో ఎలక్ట్రాన్లు 2, 8, 18, 1. లోహంలో ఆ చివరి ఎలక్ట్రాన్ ఏ ఒక్క పరమాణువుదీ కాదు, ఊరుమ్మడి చెరువులో నీరు లాంటిది. దానికి లోపలి వలయంలోని ఎలక్ట్రాన్లు కాంతిలోని నీలం, ఆకుపచ్చ భాగాన్ని ఎక్కువగా పీల్చుకుని ఆ ఉమ్మడి గుంపులోకి ఎగబాకుతాయి. తిరిగి వచ్చేది మనకు ఎర్రగా కనిపిస్తుంది. కరెంటు పారడమూ ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి సాగడమే. ఒంటరి పరమాణువుకు ఆ ఇంకోచోటు ఏది? గట్టిదనమూ అంతే, పరమాణువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా పట్టుకున్నాయన్నదే గట్టిదనం.

ఇక్కడ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ ఇష్టం: “రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది కదా, ఒక్క పరమాణువే ఉంటే ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుంది?” కరగడం అంటే వరుస చెదరడం. ఒక్కడే ఉన్న చోట వరుస లేదు, చెదరడమూ లేదు. తనే కాసేపటికి, “అంటే ప్రశ్నే తప్పా సార్?” అంది. ప్రశ్న తప్పు కాదనీ, ఈ పాఠం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉందనీ చెప్పాను.

మారనిది ఏమిటి

రంగు మారింది, గట్టిదనం పోయింది, తీగ పొడి అయింది, పొడి ద్రావణం అయింది. చివరికి అదే రాగి తిరిగి వచ్చింది. మరి ఈ ప్రయాణం పొడవునా మారకుండా ఉన్నది ఏమిటి? పరమాణు నిర్మాణం పాఠాన్ని ఈ ప్రశ్నకు జవాబుగా మొదలుపెట్టాను. మూడు వారాల ముందు అదే పాఠం పటంతో మొదలైంది, ఇప్పుడు పటం చివర్లో వచ్చింది.

మారనిది కేంద్రకంలోని 29 ప్రోటాన్లు. తీగలో 29, నల్ల పొడిలో 29, మైలుతుత్తంలోనూ 29. నీలి ద్రావణంలో ఎలక్ట్రాన్లు రెండు తగ్గి 27 అవుతాయి కానీ కేంద్రకానికి ఏమీ కాదు. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ పలుచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను (ధన విద్యుదావేశం ఉన్న అతి చిన్న కణాలను) పంపడం, వాటిలో బహు కొద్ది కణాలు వెనక్కి తిరిగి రావడం, 1911లో రూథర్‌ఫర్డ్ దాని నుంచి కేంద్రకాన్ని ఊహించడం చెప్పాను. 1913లో మోజ్లీ అనే యువ భౌతిక శాస్త్రవేత్త మూలకాల ఎక్స్-కిరణాలను కొలిచి, ఒక మూలకం నుంచి తర్వాతి మూలకానికి వెళ్తే కేంద్రకం ఆవేశం ఒక్కొక్కటిగా పెరుగుతుందని చూపాడు. ఆయన కొలిచినవాటిలో రాగి కూడా ఉంది. 1915లో గల్లిపొలి యుద్ధంలో ఆయన చనిపోయేనాటికి వయసు 27. ఈ మాట విన్నాక తరగతిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

పరిమాణం కోసం మైదానంలోకి వెళ్లాం. పరమాణువు కేంద్రకానికి లక్ష రెట్లు అని అందరం చెప్పేస్తాం. అది స్థూలమైన లెక్క. కేంద్రకంలో కణాలు పెరిగేకొద్దీ కేంద్రకమూ పెద్దదవుతుంది కనుక రాగి విషయంలో అది సుమారు 27 వేల రెట్లు. రెండు మిల్లీమీటర్ల ఆవగింజను జెండా దిమ్మె మీద పెట్టి దాన్ని కేంద్రకం అనుకుంటే, పరమాణువు 54 మీటర్ల అడ్డకొలత గల గోళం. తాడు పట్టుకుని 27 మీటర్ల దూరంలో పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు. దిమ్మె మీద గింజ వాళ్లకు కనిపించలేదు. పరమాణువు ద్రవ్యరాశి దాదాపు అంతా ఆ కనిపించని గింజలోనే ఉంది, ఎందుకంటే ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్‌లో 1836వ వంతు మాత్రమే.

తిరిగి వస్తుంటే ఒకడు గోడను తట్టి, “ఇంత ఖాళీ ఉంటే చెయ్యి ఎందుకు దూరిపోదు?” అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ చోటు అచ్చమైన ఖాళీ కాదు, ఎలక్ట్రాన్లు ఆక్రమించిన చోటు. చేతిలోని ఎలక్ట్రాన్లనూ గోడలోని ఎలక్ట్రాన్లనూ ఒకే చోట ఇరికించడానికి ప్రకృతి ఒప్పుకోదు, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వలయాలు కూడా నిజమైన దారులు కావనీ, బోర్ 1913లో హైడ్రోజన్ కాంతిని వివరించడానికి వేసిన అడుగు అదనీ, తర్వాత శాస్త్రం ఎలక్ట్రాన్‌ను మబ్బులా ఊహించడం నేర్చుకుందనీ చెప్పాను. పరీక్షలో మాత్రం వలయాలే గీయాలని కూడా చెప్పాల్సి వచ్చింది.

మూడు నెలల తర్వాత చెప్పకుండా అదే ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఎర్ర బంతి చాలా పత్రాల్లో మాయమైంది. “ఒక్కదానికి రంగు ఉండదు, గుంపుగా ఉంటేనే” అన్న అర్థం వచ్చేలా ఎక్కువమంది తమ సొంత మాటల్లో రాశారు. సొంత మాటల్లో రాయడమే నాకు ముఖ్యమైన ఫలితం. కరెంటు విషయంలోనూ మెరుగైంది. మెరుగవ్వనిది వ్యాకోచం. వేడి చేస్తే కణాలే ఉబ్బుతాయని రాసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. బంతి-వలయం ప్రయోగం (చల్లగా ఉన్నప్పుడు వలయంలో దూరే లోహపు బంతి వేడెక్కాక దూరదు) చూపించాను, కానీ అది కణం ఉబ్బడానికీ కణాల మధ్య దూరం పెరగడానికీ తేడా చూపదు. రెండు ఊహలకూ అది ఒకేలా సరిపోతుంది. మీటరు రాగి తీగ 100 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 1.7 మిల్లీమీటర్లే. అదే ఒక గ్రాము నీరు మరిగి ఆవిరైతే సుమారు 1700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. కణం అన్ని రెట్లు ఉబ్బిందని ఏ పిల్లవాడూ ఒప్పుకోడు. వ్యాకోచం ముందు, ఆవిరి తర్వాత అన్న పుస్తకం వరుసను తిప్పేసి, ఈసారి ఆవిరితో మొదలుపెడుతున్నాను.

వైండింగ్ షాపు అబ్బాయి రెండోసారి గీసిన బొమ్మలో ఎర్ర పెన్సిల్ లేదు. మధ్యలో చుక్క పెట్టి 29 అని రాశాడు. చుట్టూ మామూలు పెన్సిల్‌తో రుద్ది వేలితో పలుచగా పులిమాడు. కింద ఒక ప్రశ్న రాశాడు: “ఎన్ని పరమాణువులు కలిస్తే ఎరుపు మొదలవుతుంది?” గీత గీసినట్టు ఒక అంకె దగ్గర మొదలవ్వదని చెప్పాను. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులుగా నీటిలో కలిపితే పసుపు పోయి కెంపు రంగు వస్తుందనీ, ఫారడే 1857లోనే అలాంటి ద్రావణాలు తయారుచేశాడనీ చెప్పాను. “మరి రాగితో చేస్తే?” అన్నాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం ప్రయోగశాల తాళం తీసి ఉంచుతానన్నాను.